సున్నా నంబరు ఇల్లు

గల్మే దీవి,
నవంబరు

కంప్యూటరు పంతులమ్మ తక్ హేరన్ గారి సముఖానికి,

మీ వదిన గుమ్‌రే రాస్తున్నది. ఫోను చేద్దామనే అనుకున్నాను. చేస్తే పోయినసారిలాగే మాట మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా. చింపినా సగం చదివాకే చింపుతావు.

నువ్వు పడవెక్కి వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. నేను తిన్నాననుకో, తినకపోతే పని చెయ్యలేను. మీ అన్నయ్యే తినలేదు. ఊరి చేపలసంఘం పెద్దగా ఏటేటా సొరబుర్రలో చీట్లు వేసి, తినే నాచు కోసి అమ్ముకోవడానికి ఏ ఇంటికి ఏ నాచురాయో తీసింది ఆయనే. మాకు మంచి రాళ్ళు వచ్చిన ఏడాదల్లా ఆయన పేరు పెట్టి వెనకాల గుసగుసలే. "బుర్ర జోంగ్‌బేదే, చెయ్యీ జోంగ్‌బేదే" అని. ఆ నోళ్ళు మూయించాలనే కదా, మా చెల్లెలు మొక్పో పట్నంలో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది, ఈసారి మెషినే తీస్తుందని ఊరందరికీ గొప్పగా చెప్పి నిన్ను పిలిచాడు!

నువ్వొచ్చావు. సంఘం హాల్లో నీ డబ్బా తెరిచావు. మీట నొక్కావు. పెద్దరాయి సోల్ ముసలిదానికి. ఆ తర్వాత మంచివన్నీ ఒక్కొక్కటే ఎవరెవరికో. అందరివీ అయిపోయాక ఊడ్చిపెట్టినట్టు మిగిలింది గాలిరాయి, ఊరిపెద్ద ఇంటికి! హాలంతా నవ్వింది. నువ్వు కూడా నవ్వావు, నేను చూశాను.

గాలిరాయి ఎలాంటిదో నీకు నేను చెప్పాలా, ఇక్కడే పుట్టినదానివి? ఉత్తరపు గాలికి దానిమీద కాలు నిలవదు. నాచు పట్టదు, కాళ్ళు కోసే గుల్లలు తప్ప ఏమీ పెరగవు. పుట్టింటి మీద ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న పగ ఒక్క మీటతో తీర్చుకున్నావు. బాగుంది. చదువంటే ఇలా పనికిరావాలి.

గుమ్‌రే


మొక్పో,
నవంబరు

వదినకి,

చింపలేదు. మొత్తం చదివాను. రెండోసారి కూడా చదివాను, ఎక్కడైనా ఒక్క నిజం దొరుకుతుందేమోనని.

నేను పనిచేసే ఎండుచేపల కంపెనీ మూతబడ్డాక, నలభై దాటిన ఆడవాళ్ళకి ఉచితంగా నేర్పుతామంటే ఈ క్లాసులో చేరాను. మా బెంచీలో అందరూ నాలాంటివాళ్ళే. మొదటి నెలంతా మేం నేర్చుకున్నది రెండే విషయాలు. ఒకటి లిస్టు, అంటే పేర్లు వరసగా పెట్టడం. రెండోది ర్యాండమ్, అంటే కళ్ళు మూసుకుని ఆ వరసలోంచి ఒకటి లాగడం. నేను చేసింది అంతే. ఇళ్ళ పేర్లు వరసగా పెట్టాను. మెషిను ఒక పేరు లాగింది, ఆ ఇంటికి పెద్దరాయి. ఆ పేరు తీసేసి మిగిలినవాటిలోంచి ఇంకోటి లాగింది. అలా చివరికి ఎవరి పేరు మిగిలితే వాళ్ళకి గాలిరాయి. మీ సొరబుర్ర చేసేదీ ఇదే. తేడా ఏమిటంటే ఈ మెషినుకి చుట్టాలు లేరు. గుమ్‌రే అంటే ఎవరో దానికి తెలీదు. తెలిస్తే అది కూడా భయపడేది.

పైగా మన ఇంటి పేరే అందరికన్నా ముందు రాశాను, పెద్దరికం ఇచ్చి. పగ ఉన్నదాన్ని అలా రాస్తానా?

గాలిరాయి ఎవరికో ఒకరికి రావాలి కదా వదినా. సోల్ పెద్దమ్మకి వచ్చిన ఏళ్ళలో మీకు అది అన్యాయం అనిపించలేదేం? ఆవిడ ఒంటరిది, మోకాళ్ళు పట్టేసినా పాకుతూ ఎక్కింది. అప్పుడు మీరు ఒడ్డున నిలబడి "ఎవరి రాత వాళ్ళది" అన్నారు. మీ రాత అనేసరికి మెషిను తప్పయిపోయిందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

పగ అన్నారు కాబట్టి అదీ చెప్తాను. అమ్మ పోయాక నాకూ ఒక రాయి ఇవ్వండి, తిరిగొచ్చి బతుకుతానని అడిగాను. దీవిలో కాపురం లేనివాళ్ళకి హక్కు లేదని అన్నది అన్నయ్యే, కాని తలుపు వెనక నుంచి అనిపించింది ఎవరో నాకు తెలుసు. నేనది మర్చిపోలేదు. కాని దానికోసం ప్రోగ్రాములో మోసం చేసేంత చదువు నాకింకా రాలేదు.

హేరన్


గల్మే దీవి,
డిసెంబరు

హేరన్‌కి,

తలుపు వెనక నుంచి కాదు, తలుపు ముందు నిలబడే అన్నాను. ఇప్పుడూ అంటాను. ఏడాదిలో రెండు పండగలకి వచ్చి, చేపల బుట్ట పెట్టి, ఫోటో తీసుకుని పోయేదానికి రాయి ఏమిటి? మీ అమ్మ ఆఖరి ఏడాది మంచంలో ఉంటే పక్కలు మార్చింది నేను. గంజి పోసింది నేను. "హేరన్ వచ్చిందా" అని ఆవిడ అడిగినప్పుడల్లా "పడవ ఆలస్యం అత్తయ్యా" అని అబద్ధాలు ఆడిందీ నేనే. నాకే హక్కు గురించి పాఠం చెప్తావా?

ఇప్పుడు రాళ్ళు గోకే రోజులు. నీటిపోటు తగ్గగానే ఊరంతా పారలు పట్టుకుని పాత పాచి గోకుతున్నారు, కొత్త నాచు పట్టాలని. మేమూ గోకుతున్నాం, గుల్లల్ని. నిన్న సోల్ ముసలిది పెద్దరాయి మీదనుంచి కేకేసింది:

"ఏమే గుమ్‌రే, అక్కడ గాలి చల్లగా ఉందా?"

"నీ నోటికన్నా చల్లగానే ఉంది" అన్నాను.

"నాకు అలవాటైన రాయే. ఎడమవైపు పగుల్లో కాలు పెట్టు, జారదు" అంది. చెప్పడానికి అందో, ఎగతాళికి అందో! పెట్టలేదు.

మీ అన్నయ్య నీ పేరెత్తితే లేచి పోతున్నాడు. నిన్ను వెనకేసుకొస్తున్నాడనుకోకు. పిలిచింది తనే కాబట్టి ఎవర్నీ అనలేక నోరు కుట్టుకున్నాడు.

నాకు చదువు లేదు. కాని ఒక మాట అడుగుతాను. అంత నిజాయితీ గల మెషినైతే మళ్ళీ నొక్కు. ఇంకోసారి, ఇంకోసారి నొక్కు. మా ఇంటికి ఒక్కసారైనా పెద్దరాయి వస్తుందేమో చూసి చెప్పు.

గుమ్‌రే


మొక్పో,
డిసెంబరు

వదినకి,

అమ్మ మాట మీరు ఎత్తారు కాబట్టి దాని గురించి ఒక్క ముక్క రాయను. రాస్తే ఈ కాగితం తగలబడుతుంది.

మళ్ళీ నొక్కమన్నారు. ఒకసారి కాదు, వెయ్యిసార్లు నొక్కిస్తాను. మా టీచరు నేర్పింది, మెషిను చేతే వెయ్యిసార్లు చీట్లు తీయించి, పెద్దరాయి ఏ ఇంటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క రాయించవచ్చు. వచ్చే వారం క్లాసులో చేసి, ఆ కాగితం పంపిస్తాను. దాన్ని మీ వీధి తలుపుకి అంటించుకోండి. సంఘం హాల్లో కూడా అంటించండి. ఆ తర్వాత నాకు ఉత్తరం రాయనక్కర్లేదు.

హేరన్


గల్మే దీవి,
జనవరి

హేరన్‌కి,

తలుపు తుడిచిపెట్టుకుని కూర్చున్నాను. కాగితం రాలేదే?

గుమ్‌రే


మొక్పో,
ఫిబ్రవరి

ప్రియమైన వదిన గారికి,

చాంద్రమాన కొత్త సంవత్సరపు పండగ శుభాకాంక్షలు. ఇక్కడ చలి బాగా ఉంది. అక్కడ ఇంకా ఎక్కువ ఉంటుందని తలుచుకుంటున్నాను. క్లాసులో పని ఎక్కువై పండక్కి రాలేకపోతున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఈ పార్సిల్లో మీకు ఉన్ని లోపలున్న రబ్బరు చేతితొడుగులు, అన్నయ్యకి బలానికి జిన్‌సెంగ్ వేరు పాకం పంపిస్తున్నాను. రాయి గోకేటప్పుడు మీ చేతులు పగులుతాయని అమ్మ అంటూ ఉండేది. మీరు ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోండి. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో గాలిరాయి ఎక్కకపోతేనే మంచిది. ఒక్క ఏడాది నాచు రాకపోతే ఏమైంది, ఆరోగ్యమే ముఖ్యం.

అన్నయ్యని అడిగానని చెప్పండి.

మీ మరదలు
హేరన్


గల్మే దీవి,
ఫిబ్రవరి

హేరన్‌కి,

పార్సిలు వెనక్కి వస్తోంది. తాడు కూడా విప్పలేదు, నువ్వు కట్టిన ముడే ఉంది చూసుకో.

ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయింది, నువ్వు నన్ను "ప్రియమైన" అనడం ఇదే మొదటిసారి. అతివినయం ధూర్తలక్షణం అంటారు. తిట్టుకునేటప్పుడైనా నువ్వు నాకు అర్థమయ్యేదానివి. ఈ ఉత్తరం ఎవరిది? బ్యాంకు వాళ్ళు రాసినట్టుంది. వెయ్యిసార్లన్నావు, కాగితమన్నావు, నా తలుపన్నావు. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా చలి గురించి రాస్తావేం? ఏం దొరికింది నీకు ఆ వెయ్యిసార్లలో?

గాలిరాయి ఎక్కకండి అన్నావు. ఆ సలహా ఆలస్యమైంది. పండక్కి ముందే మీ అన్నయ్య దానిమీద నుంచి జారిపడ్డాడు. కుడి మడమ విరిగింది. కోస్టుగార్డు పడవలో జిందో ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మేకులు వేశారు. నీకు చెప్పొద్దన్నాడు. "దానికి తెలిస్తే బాధపడుతుంది" అన్నాడు. నువ్వు బాధపడాలనే నేను చెప్తున్నాను.

గుమ్‌రే


మొక్పో,
ఫిబ్రవరి

వదినా,

మీ ఉత్తరం చదివి బస్టాండు దాకా వెళ్ళాను. టికెట్టు కొనలేక వెనక్కి వచ్చాను. ముందు ఇది రాయకుండా అన్నయ్య ముఖం చూడలేను.

డిసెంబరులోనే చేశాను ఆ వెయ్యిసార్లు. టీచరు పక్కనే ఉంది. పెద్దరాయి ప్రతి ఇంటికీ ఇంచుమించు ఒకేలా వచ్చింది. సోల్ పెద్దమ్మకి, జాంగ్ తాతకి, అందరికీ. మన ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు. వెయ్యిలో ఒక్కసారి కూడా. వెయ్యిసార్లూ మన ఇంటికి గాలిరాయే వచ్చింది.

మెషిను లిస్టులో పేర్లని ఒకటి నుంచి లెక్కపెట్టదు వదినా. మొదటి పేరు నంబరు సున్నా. రెండో పేరుది ఒకటి. మనుషులు లెక్కపెట్టినట్టు నేను ఒకటి నుంచి ఎంచుకోమని రాశాను. మొదట్లో ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయేది, ఆఖరి పేరు కూడా దాటిపోయి లేని పేరు కోసం వెతికేది. చివరి అంకెలో ఒకటి తగ్గించాను. ఆగడం మానేసింది. ఆగలేదు కాబట్టి సరిగ్గా ఉందనుకున్నాను. సున్నా దగ్గర ఉన్న ఇంటిని అది ఎన్నడూ తాకదని నాకు తట్టలేదు. ఆ సున్నా దగ్గర పెట్టింది మన ఇంటినే. పెద్దరికం ఇచ్చి ముందు రాశానని మీకు గొప్పగా రాశాను చూడండి, ఆ ముందు రాయడమే.

టీచరు నవ్వింది. "అందరూ చేసే తప్పే, మంచిది, ఇక మర్చిపోరు" అంది. ఆవిడకి అది క్లాసులో వేసుకున్న లెక్క. నేను మాత్రం నీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళి, ఇక లోపలికి వెళ్ళలేదు.

అప్పుడే చెప్పాల్సింది. అందరూ గోకడం మొదలుపెట్టేశారు కదా, ఇప్పుడు చెప్తే ఊరు కొట్టుకుంటుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మీ చేత "నేను చెప్పలేదూ" అనిపించుకోవడం ఇష్టంలేక చెప్పలేదు. నేను డిసెంబరులో రాసి ఉంటే అన్నయ్య ఆ రాయి ఎక్కేవాడు కాదు.

హేరన్


గల్మే దీవి,
మార్చి

హేరన్‌కి,

నేను చెప్పలేదూ!

చాలా? ఇంకోసారి రాయనా? నేను చెప్పలేదూ!

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని అంతా విన్నాడు. "అయితే నా రాత బాగానే ఉందన్నమాట" అన్నాడు. అని నవ్వాడు. నేను పళ్ళెం విసిరాను. తగల్లేదు.

తెలియక చేసినదానికి నేను నిన్నేమీ అనను. తెలిశాక నోరుమూసుకున్నావే, దానికి అంటాను, చచ్చేదాకా అంటాను. ఉన్ని తొడుగులు పంపిస్తావా నాకు? ఆ తొడుగులు వేసుకుని గాలిరాయి గోకమనా?

ఉత్తరంలో నాకొక్కదానికి చెప్తే సరిపోదు. ఈ నెలాఖర్న సంఘం కూర్చుంటుంది. వచ్చి అందరి ముందూ నీ నోటితో చెప్పు. నేను చెప్పను. నీ బదులు మీ అన్నయ్యనీ చెప్పనివ్వను. రాకపోతే ఈ ఉత్తరం హాలు గోడకి అంటిస్తాను. గోడ తుడిచే ఉంది.

గుమ్‌రే


మొక్పో,
ఏప్రిల్

వదినకి,

వచ్చాను, చెప్పాను. జాంగ్ తాత నా మీదికి చెప్పు విసరడం మీరు చూశారు. "అన్నకి మంచి రాయి ఇప్పించడానికి కొత్త నాటకం" అని ఎవరో అన్నారు. మీరు మాత్రం మూల కూర్చుని వేరుశనగలు ఒలుచుకున్నారు. ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. తర్వాత నన్ను బయటికి పొమ్మన్నారు. గాలి పెరుగుతోందని పడవవాడు తొందరపెడితే ఎక్కేశాను.

లోపల ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. అన్నయ్యకి ఫోను చేస్తే "మీ వదిన రాస్తుందిలే" అని పెట్టేశాడు. పెద్దరాయి మీకు ఇచ్చేశారా? సోల్ పెద్దమ్మ ఏమంది? దయచేసి రాయండి. తిడుతూనే రాయండి.

హేరన్


గల్మే దీవి,
ఏప్రిల్

హేరన్‌కి,

తిట్టమని నువ్వు చెప్పక్కర్లేదు.

నువ్వు వెళ్ళాక గంటసేపు అరుచుకున్నారు. మళ్ళీ చీట్లు వెయ్యాలని సగం మంది, చలికాలమంతా గోకిన రాయి ఎలా వదులుతామని సగం మంది. చివరికి అందరూ నావైపు తిరిగారు. మోసపోయిన ఇల్లు మాది కదా, అడగాల్సింది మేమే. నిజం చెప్తున్నాను, అడగాలనే వెళ్ళాను. ఏం అనాలో వంట చేస్తూ నాలుగు రోజులు సాధన చేశాను కూడా.

నేను లేచేలోపు సోల్ ముసలిది లేచింది. మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని లేచింది.

"తీసుకోవే గుమ్‌రే, పెద్దరాయి తీసుకో. కాని నేను గోకిన పాచంతా సముద్రంలోంచి ఏరుకొచ్చి దానికి మళ్ళీ అంటించి, అప్పుడు తీసుకో" అంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నాకు తేలికయ్యేది. అలా తిట్టేసరికి నవ్వొచ్చింది నాకు. ఆ ముసలిది జీవితంలో మొదటిసారి మంచి రాయి గోకింది, ఆ చేతులు చూశాను. సాధన చేసిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"గోకిన చెయ్యే కోస్తుంది. ఈ ఏడాదికి అంతే" అని కూర్చున్నాను.

మీ అన్నయ్య నన్ను చూసిన చూపు నీకు చెప్పను. అది నా సొంతం.

తర్వాత నీ డబ్బాని సముద్రంలో పడెయ్యాలని, సొరబుర్రే మేలని జాంగ్ ముసలాయన అందుకున్నాడు. అప్పుడూ నేనే లేచాను. "బుర్ర ఉన్నన్నాళ్ళూ నా మొగుణ్ణి దొంగ అన్నారు. ఒకసారి కాలు జారినవాడే రెండోసారి చూసి అడుగేస్తాడు. తప్పు చేసిందాని చేతే దిద్దించండి" అన్నాను. నీ మీద ప్రేమతో అనుకునేవు! వేరేవాళ్ళు చేస్తే తిట్టడానికి నాకు హక్కు ఉండదని.

శరత్కాలానికి సరిగ్గా నేర్చుకుని రా. సున్నా నుంచి.

గుమ్‌రే


గల్మే దీవి,
నవంబరు

హేరన్‌కి,

నిన్న నువ్వు పడవ ఎక్కేటప్పుడు నేను రేవుకి రాలేదు. పని ఉందని కాదు, నీతో ఏం మాట్లాడాలో తెలియక రాలేదు.

ముందు మెషిను చేత వెయ్యిసార్లు తీయించి ఆ లెక్క గోడమీద వేసి చూపించావు. జాంగ్ ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని ఇంటింటి అంకె మీదా వేలు పెట్టి చదివాడు. మా ఇంటికీ పెద్దరాయి అందరిలాగే వచ్చింది. ఆయన తల ఊపాడు. ఊరంతా ఊపింది. నేనూ ఊపాను. తర్వాత అసలు చీటీ. మీట కూడా నువ్వు నొక్కకుండా సోల్ ముసలిదాని చేత నొక్కించావు. మెచ్చుకోవాల్సిన పనే, మెచ్చుకోను.

పెద్దరాయి జాంగ్ ముసలాయనకి. మాకు మళ్ళీ గాలిరాయి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నువ్వు మాత్రం పాలిపోయావు. మీ అన్నయ్య నీ దగ్గరికి వచ్చి "సరిగ్గానే ఉందమ్మా, సరిగ్గానే ఉంది" అన్నాడట కదా. ఆ మనిషి అంతే.

నాకు మాత్రం పొద్దుటి నుంచీ ఒళ్ళు మండిపోతోంది. పోయినేడు నువ్వున్నావు. నిన్ను తిట్టుకుంటూ గోకితే గుల్లలు కూడా మెత్తగా ఊడేవి. ఈసారి ఎవర్ని తిట్టను? ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాక కూడా వెతికాను, ఒక్క తప్పు దొరకలేదు నీ దగ్గర. అంతకన్నా పెద్ద అన్యాయం నాకు ఇంకెవరూ చెయ్యలేదు.

మీ అన్నయ్య మడమ ఇంకా పూర్తిగా కుదరలేదు, ఆ రాయి ఎక్కలేడు. నేనొక్కదాన్నే గోకాలి. జనవరిలో నీటిపోటు బాగా తగ్గే రోజులు క్యాలెండరులో చూసుకుని రా. పార ఇస్తాను, గది ఊడ్చి పెడతాను. ఇది బతిమాలడం కాదు. నీకు రాయి మీద హక్కు లేదని ఇప్పుడూ అంటాను, తలుపు ముందే నిలబడి అంటాను. గోకడానికి మాత్రం ఎవరికైనా హక్కుంది.

రాకపోతే తిట్టడానికి నాకు మంచి కారణం దొరుకుతుంది. నాకు రెండూ ఇష్టమే.

గుమ్‌రే